నోటిమాట నమ్మి పొలంలోకి దిగితే ఏమైందంటే

నిన్నటి కోపం ఇంకా చల్లారలేదు. మేముండేది అమెరికాలోని వర్జీనియాలో. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో ఇక్కడి ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఓడిన ఉత్తరాది సైన్యం, లక్షకు పైగా మనుషులు, నది ఇవతల ఫాల్మత్ చుట్టుపక్కల గుడారాలేసుకుని ఆ చలికాలం గడిపారు. వాళ్లు జారవిడుచుకున్న తూటాలు, బొత్తాలు ఇప్పటికీ మట్టిలో దొరుకుతాయి.

వాటిని వెతికే మెటల్ డిటెక్టర్ వాడటం రెండు వారాల్లో వచ్చేసింది. నేషనల్ పార్కు భూమిలో వెతకడమే నేరం, అటు పోకండి. ప్రైవేటు పొలమైతే యజమాని ఒప్పుకుంటే చాలు. పొలమున్న ఒక పెద్దాయన "వచ్చి చూసుకో" అన్నాడు, నేను సరేనన్నాను.

నిన్న పొద్దున బెత్తెడు లోతులో తూటా తగిలింది. మా తొమ్మిదేళ్లవాడు ఎగిరి గంతేశాడు. అరగంట కాకముందే పోలీసు కారు వచ్చి ఆగింది, పక్కింటివాళ్లు ఫోన్ చేశారట. పార కింద పెట్టమని, చేతులు కారు మీద ఆనించమని, జేబులన్నీ తడిమి చూశారు. పెద్దాయనకి నాలుగుసార్లు చేస్తే ఎత్తలేదు. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాను, రోడ్డున పోయే ప్రతి కారూ మెల్లగా అయి మమ్మల్ని చూసి మరీ వెళ్లింది. అప్పుడు మావాడు తెలుగులో అడిగాడు, "నాన్నా, మనం దొంగతనం చేశామా?" అని. పదిహేనేళ్లుగా ఈ దేశంలో పన్ను కడుతున్నాను, ఒక్క ట్రాఫిక్ టికెట్ లేదు నా మీద. చివరికి పెద్దాయన ఫోన్ ఎత్తి "నేనే రమ్మన్నాను" అన్నాక వెళ్లిపోయారు, సారీ కూడా లేదు. ఆ పక్కింటివాళ్లు గేటు దాకా వచ్చి ఒక్క మాట అడిగితే ఏం పోయేది?

కాబట్టి కాగితం రాయించుకోండి. తేదీ, పొలం హద్దులు, దొరికినవి ఎవరికి చెందుతాయో, కింద సంతకం. ఇరుగుపొరుగుకి కూడా ముందే చెప్పండి, వాళ్ల మంచితనాన్ని నమ్ముకోకండి.

రాత్రి గ్లవ్స్ వేసుకుని, ఆ తూటాని మెత్తటి బ్రష్‌తో నీళ్లలో కడిగాం. సీసం మీద తెల్లటి పొర ఉంటుంది, దాన్ని గీకకూడదు, పాతదనడానికి అదే గుర్తు. మట్టి పోయేకొద్దీ నడుము చుట్టూ మూడు గాడులు, అడుగున గుంట కనిపించాయి. మొన ఎక్కడా నలగలేదు, అంటే బహుశా పేల్చింది కాదు, ఎవరో సైనికుడి చేతిలోంచి జారిపడి ఉంటుంది. మావాడు ఆ గాడుల్ని వేలితో లెక్కపెట్టి, మళ్లీ ఎప్పుడెళ్దాం అన్నాడు. ముందు పెద్దాయన సంతకం కావాలన్నాను.