మడమ ఒప్పుకున్నాకే పందెం

సంక్రాంతికి ముందు ఆదివారం మెరీనా బీచ్ రోడ్డు మీద 10 కిలోమీటర్ల పందెం పూర్తి చేశాను. పట్టిన సమయం 1 గంట 9 నిమిషాలు. గాయానికి ముందు ఇదే దూరం 58 నిమిషాల్లో పరుగెత్తేదాన్ని. ఆఫీసులో ఒకరిద్దరు ఆ 11 నిమిషాల తేడా చూసి పాపం అన్నట్టు తల ఊపారు. నాకైతే నా పరుగు జీవితంలో ఇంతకంటే గర్వపడిన పందెం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మడమ గురించి చెప్పాలి.

నొప్పి కుడి కాలి మడమ వెనక, ఎముకకు రెండంగుళాల పైన మొదలైంది. అక్కడ ఉండేది అకిలిస్ టెండన్. పిక్క కండరాలను మడమ ఎముకకు కట్టి ఉంచేది అదే, శరీరంలో అన్నిటికంటే దళసరి టెండన్ కూడా అదే. మొదట్లో పరుగులో ఏమీ తెలిసేది కాదు. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు తెలిసేది. పాదం వంగేది కాదు. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ స్నానాల గదికి వెళ్లేదాన్ని. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకునేది. కొన్ని వారాలకు, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మడమ వెనక నొక్కితే చింతగింజ అంత గడ్డ చేతికి తగలడం మొదలైంది. రెండో కాలికి అదే చోట నొక్కితే తాడులా నున్నగా, సన్నగా ఉండేది.

విశ్రాంతి తీసుకోమన్నారు, తీసుకున్నాను. ఐసు పెట్టమన్నారు, పెట్టాను. నొప్పి మాత్రలు వేసుకున్నాను. నొప్పి పూర్తిగా పోయింది. మళ్లీ బూట్లు కట్టుకుని బీసెంట్ నగర్ వెళ్లి నెమ్మదిగా పరుగెత్తి వచ్చిన మర్నాడు ఉదయం మళ్లీ గోడ పట్టుకున్నాను. రెండోసారి ఇంకా ఎక్కువ రోజులు ఆగాను. ఫలితం అదే. అల్ట్రాసౌండ్‌లో టెండన్ మధ్య భాగం వాచినట్టు లావెక్కి కనిపించింది.

ఈ దశలో ఒక ఫిజియోథెరపిస్టు దొరకడం నా అదృష్టం. తిరుపతి అమ్మాయి, చెన్నైలో చదువుకుని ఇక్కడే స్థిరపడింది. నా కాలు చూడకముందే పావుగంట ప్రశ్నలు వేసింది. ఏ బూట్లు, ఎంత దూరం, నిద్ర ఎలా ఉంది, నెలసరి క్రమంగా ఉందా అని అడిగింది. వాటి మధ్యలో, "మేడమ్, ఈ మధ్య ఏమైనా యాంటీబయోటిక్ వాడారా? సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి?" అని కూడా. నేను వాడలేదు. కానీ ఆ ప్రశ్న ఎందుకో అడిగి తెలుసుకున్నాను. ఆ జాతి మందులు కొందరిలో టెండన్లను దెబ్బతీస్తాయి, ముఖ్యంగా అకిలిస్‌ను. అమెరికాలో 2008లోనే వాటి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని నియమం పెట్టారు. పాత చీటీ చూపించి మందుల షాపులో మాత్రలు తెచ్చుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది కాబట్టి, పరుగెత్తే వాళ్లందరికీ ఈ మాట తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఆమె చెప్పిన అసలు సంగతి వేరే. టెండన్‌కు రక్త ప్రసరణ తక్కువ, అది కోలుకోవడం కండరం కంటే బాగా నిదానం. విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది గానీ బలం రాదు. పని లేకపోతే ఉన్న బలం కూడా తగ్గుతుంది. అందుకే మళ్లీ పరుగు మొదలుపెట్టిన ప్రతిసారీ నొప్పి తిరిగి వస్తోంది. "దీనికి మందు బరువే. నిదానంగా, రోజూ, కొంచెం కొంచెంగా పెంచుతూ మొయ్యాలి," అంది.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. స్వీడన్‌లో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి స్వయంగా ఈ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమని తన పై అధికారిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. టెండన్ తెగితే చేయక తప్పదు కదా అనుకుని ఆల్‌ఫ్రెడ్‌సన్ దాని మీద కావాలని విపరీతమైన బరువు వేశాడు. తెగలేదు సరికదా, నొప్పి పోయింది. తర్వాత దాన్ని పద్ధతిగా మలచి, నాలాంటి సరదా పరుగు వాళ్లు 15 మంది మీద 12 వారాలు పరీక్షించి 1998లో ప్రచురించాడు. ఆ 15 మందీ తిరిగి పరుగులోకి వచ్చారు. నలభై దాటిన, దీర్ఘకాలంగా నొప్పి ఉన్న మనుషుల గురించి ఆ మాట వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వ్యాయామం వినడానికి చాలా తేలిక. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. రెండు కాళ్లతో పైకి లేచి, మంచి కాలిని గాలిలోకి తీసి, నొప్పి ఉన్న కాలి మీదే నెమ్మదిగా మడమను మెట్టు కంటే కిందికి దించాలి. మోకాలు తిన్నగా ఉంచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు వంచి మరో మూడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొత్తం రోజుకు 180. మోకాలు ఎందుకు వంచాలో కూడా ఆమె బొమ్మ గీసి చూపించింది. పిక్కలో పైనున్న గాస్ట్రోక్నీమియస్ కండరం మోకాలు దాటి తొడ ఎముక దాకా వెళ్తుంది. మోకాలు వంచితే అది వదులై, భారం కింద ఉన్న సోలియస్ మీద పడుతుంది. పరుగులో ఎక్కువ కష్టపడేది ఆ సోలియసే.

మందవెల్లిలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఇది మొదలుపెట్టాను. కొన్ని వారాలకు శరీర బరువు చాలకపోయింది. కాలేజీ పిల్లల బ్యాగులో సోనా మసూరి బియ్యం రెండు కిలోలు పోసి వీపుకు తగిలించుకున్నాను. తర్వాత మూడు, ఆ తర్వాత ఐదు. పక్కింటి మామి పాల పాకెట్లు తీసుకోవడానికి తలుపు తీసేసరికి నేను మెట్టు అంచున వేలాడుతూ కనిపించేదాన్ని. మొదట భయపడింది, తర్వాత కారణం అడిగింది, ఆ తర్వాత రోజూ గడపలో నిలబడి "పదిమూణు, పదినాలు" అని తమిళంలో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను పద్నాలుగు దగ్గర ఆగబోతే ఒప్పుకునేది కాదు. కిందికి దించేటప్పుడు మూడు సెకన్లు పట్టాలని చెప్పాక, ఆమె లెక్క కూడా నిదానించింది.

నెల్లూరు నుంచి అమ్మ ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. "నడవగలుగుతున్నావు కదమ్మా, చాలదా? ఈ వయసులో పందేలు ఎందుకు?" అమ్మకు సమాధానం చెప్పడం కష్టమైంది. పరుగు నాకు ఆరోగ్యం కోసం పెట్టుకున్న పని కాదు. బ్యాంకులో రోజంతా ఇతరుల లెక్కలు, ఇంట్లో ఇతరుల అవసరాలు. తెల్లవారుజామున ఐదింటికి ఆ రోడ్డు మీద ఉన్న గంట మాత్రం పూర్తిగా నాది. అది పోయిన నెలల్లో నేను ఇంట్లో ఎలా ఉన్నానో మా ఆయనకు తెలుసు. అమ్మతో ఆయనే అన్నారు: "అత్తయ్యా, తను పరుగెత్తితేనే మా అందరికీ బాగుంటుంది."

మెట్ల మీద పని కొన్ని నెలలు సాగాక పరుగుకు అనుమతి వచ్చింది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, రోజు విడిచి రోజు. అన్నిటికంటే కష్టమైన దశ ఇదే. మడమ బాగోలేని రోజుల్లో ఈత కొట్టి, సైకిల్ తొక్కి గుండెనూ ఊపిరితిత్తులనూ సిద్ధంగా ఉంచుకున్నాను. అవి పరుగెత్తమంటాయి. టెండన్ మాత్రం ఇంకా సిద్ధంగా లేదు. ఒక నిమిషం పూర్తయ్యేసరికి ఒంట్లో ఉత్సాహం పుంజుకుంటుంది, సరిగ్గా అప్పుడే ఆగి నడవాలి. ఎలియట్స్ బీచ్‌లో కార్ల్ ష్మిట్ స్మారకం దగ్గర నుంచి రోడ్డు చివరి దాకా అలా పరుగెత్తుతూ, నడుస్తూ వెళ్లేదాన్ని. నాతో పాటు మొదలుపెట్టిన వాళ్లు నన్ను దాటి వెళ్లి, తిరిగి వస్తూ ఎదురుపడేవాళ్లు.

నొప్పి సున్నా కావాలని ఫిజియోథెరపిస్టు ఎప్పుడూ అనలేదు. ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. సున్నా నుంచి పది దాకా కొలత పెట్టుకుని, పరుగులో ఐదు దాటకుండా, మర్నాటి ఉదయానికి పాత స్థితికి వస్తే పరవాలేదని నియమం. కారిన్ సిల్బర్నాగెల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో వాడిన పద్ధతి ఇది. ఇలా గమనించుకుంటూ పరుగు కొనసాగించిన వాళ్లు, పరుగు మానుకున్న వాళ్లకంటే వెనకబడలేదు. నా విషయంలో ఫిజియోథెరపిస్టు హద్దు మూడు దగ్గర గీసింది. వంటింట్లో క్యాలెండర్ మీద ప్రతి ఉదయం మొదటి అడుగు అంకె రాసేదాన్ని. వాచీలో వేగం చూసుకునే అలవాటు ఆ క్యాలెండర్ వల్లే తగ్గింది.

నవంబరు వానలకు రోడ్లు మునిగి కొంతకాలం మెట్లే దిక్కయ్యాయి. డిసెంబరు మధ్యకు వానలు తగ్గాయి, ధనుర్మాసం వచ్చింది. చెన్నైలో పరుగు వాళ్లకు ఇంతకంటే మంచి కాలం లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు తెల్లవారే సరికే చొక్కా పిండితే నీళ్లు కారే ఊరు ఇది. ఈ కొన్ని వారాలు మాత్రం గాలి చల్లగా ఉంటుంది. మైలాపూర్ మాడ వీధుల్లో చీకటితోనే ముగ్గులు వేస్తుంటారు, భజన బృందాలు పాడుకుంటూ వెళ్తుంటాయి. అక్కడ ముగ్గులు తొక్కకుండా పక్కకు జరుగుతూ మొదటిసారి ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాను. మర్నాడు ఉదయం క్యాలెండర్ మీద ఒకటి అని రాశాను. అదే రోజు పందేనికి పేరు ఇచ్చాను.

పందెం చిన్నది. శ్రామికుల విగ్రహం దగ్గర మొదలై, లైట్‌హౌస్ వైపు వెళ్లి తిరిగి రావడం, అలా రెండు చుట్లు. ఆ విగ్రహం దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలిచినది, 1959 నుంచి అక్కడ ఉంది. నలుగురు మనుషులు ఒక బండను కదిలిస్తుంటారు. భారతదేశంలో మొదటి మే డే 1923లో జరిగింది ఈ నగరంలోనే. ఎన్నోసార్లు ఆ పక్కనుంచి వెళ్లాను గానీ, ఆ రోజు మొదటిసారి వాళ్ల పిక్కల కేసి చూశాను. బరువును మునివేళ్ల నుంచి నడుము దాకా ఎలా మొయ్యాలో ఆ శిల్పికి బాగా తెలుసు.

మా గుంపులో గుంటూరు కుర్రాడు ఒకడు ఉన్నాడు, నన్ను అక్కా అంటాడు. మొదలుపెట్టగానే "అక్కా, వస్తావా?" అన్నాడు. "నువ్వు వెళ్లు నాన్నా," అన్నాను. మొదటి రెండు కిలోమీటర్లు ఏడు నిమిషాల చొప్పున వెళ్లాలని ఫిజియోథెరపిస్టుతో ఒప్పందం. జనం నన్ను దాటి పోతుంటే కాళ్లు వాటంతట అవే వేగం అందుకోబోయాయి. అడుగు పొడవు తగ్గించి, అడుగుల సంఖ్య పెంచి ఆపుకున్నాను. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది, అక్కడ పరుగెత్తితే ఒక మడమ మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది కాబట్టి మధ్యగీతను వదల్లేదు. ఎర్రటి, తెల్లటి పట్టీల లైట్‌హౌస్ కింద మొదటి మలుపు. మలుపుల దగ్గర కుడి కాలి మీద గిర్రున తిరగకుండా నాలుగైదు పొట్టి అడుగులతో విశాలంగా తిరిగాను. నాలుగో కిలోమీటరులో మడమ వెనక వెచ్చగా అనిపించింది. నొప్పి రెండు. ఆరో కిలోమీటరుకు ఒకటి. సముద్రం మీద సూర్యుడు లేచాడు, గాలిలో ఉప్పుతనం పెరిగింది, నోరు ఎండిపోయింది.

ఎనిమిదో కిలోమీటరు దాటాక మడమను మరోసారి అడిగి చూశాను. ఏమీ లేదు. అప్పుడు వదిలాను. చివరి రెండు కిలోమీటర్లు ఆరుంపావు నిమిషాల చొప్పున వచ్చాయి. నన్ను మొదట్లో దాటి వెళ్లిన వాళ్లలో చాలామందిని ఒక్కొక్కరినే అందుకున్నాను. ముగింపు గీత దాటాక ఆ గుంటూరు కుర్రాడు నీళ్ల సీసా చేతికిచ్చి, వాచీ చూపించబోయాడు. నేను బూటు విప్పి మడమ వెనక వేలితో నొక్కి చూసుకున్నాను. ఆ గడ్డ ఇప్పటికీ ఉంది, కొంచెం చిన్నది. నొక్కితే నొప్పి లేదు.

నా లెక్కలో పందెం ఫలితం సోమవారం ఉదయం వచ్చింది. మంచం దిగాను, గోడ పట్టుకోకుండా స్నానాల గదికి వెళ్లాను. క్యాలెండర్ మీద సున్నా రాసి అమ్మకు ఫోను చేశాను. "ఇక మానేస్తావా?" అంది అమ్మ. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉందని చెప్పాను. "మీ చెల్లెలింట్లో దిగు అయితే," అంది.

హైదరాబాద్ దారి చెన్నైలా చదునుగా ఉండదు, ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి. ఎక్కేటప్పుడు పిక్కకూ మడమకూ పని పెరుగుతుంది. అందుకే హాఫ్ మారథాన్‌కు కాకుండా అక్కడ కూడా 10 కిలోమీటర్లకే పేరు ఇవ్వాలని ఫిజియోథెరపిస్టూ నేనూ అనుకున్నాం. నిన్నటి నుంచి బ్యాగులో బియ్యం ఏడు కిలోలు చేశాను.