కుక్క నా మాట వినడానికి మూడు వారాలు పట్టింది

పక్షవాతం వచ్చి నా కుడి చెయ్యి, మాట రెండూ దెబ్బతిన్నాయి. ఆసుపత్రి రిహాబ్ వార్డులో ఉండగా ఒకరోజు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆమె) వచ్చి, ఇకమీదట వారానికి రెండు సెషన్లు కుక్కతో అంది. నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో కుక్కతో ఆటలేంటి?

ముందు కుక్క రాలేదు, ప్రశ్నలొచ్చాయి. అలర్జీ ఉందా, కుక్కలంటే భయమా, మానని పుండ్లేమైనా ఉన్నాయా అని. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు సాధారణంగా వద్దంటారట. డాక్టర్ సరేనన్నాక ఎడమ చేత్తో సంతకం గీకాను. కుక్కకూ తక్కువ షరతుల్లేవు: టీకాలు, ప్రవర్తన పరీక్ష, వచ్చేముందు స్నానం. పచ్చిమాంసం తినే కుక్కయితే క్రిములు మోసుకొస్తుందని రానివ్వరు. దాన్ని ముట్టుకునే ముందూ తర్వాతా నేను చేతులు కడుక్కోవాల్సిందే.

బ్రష్‌ను నా కుడిచేతికి పట్టీతో కట్టి, మెడ నుంచి తోక దాకా దువ్వమన్నారు. భుజం చాచడానికి అది. గోడ మీద టవల్‌తో అదే పని చేయమంటే ఐదుసార్లకే మానేసేవాణ్ణి. ఇక్కడ లెక్క మర్చిపోయాను. థెరపిస్ట్ మర్చిపోలేదు, రాసుకుంటూనే ఉంది. మెడపట్టీ బకిల్ పెట్టడం మాత్రం నాకు చివరిదాకా సరిగ్గా రాలేదు.

అసలు కష్టం మాటతో. దానికి తెలిసిన మాట ‘సిట్’. నా నోట ‘హిత్’ అని వచ్చేది. మా ఆవిడ, పిల్లలు నా మాట సగం అర్థంకాకపోయినా తలూపేవాళ్ళు, నేను బాధపడతానని. కుక్కకు ఆ మొహమాటం లేదు. నిలబడి నా మొహంలోకి చూసేది, అంతే. దాన్ని తెచ్చే ఆవిడ చేతులు వెనక్కి కట్టుకునేది, తన సైగ చూసి కూర్చుంటే నన్ను మోసం చేసినట్టే కదా. స్పీచ్ థెరపిస్ట్ పక్కనుండి నాలుక ఎక్కడ ఆనించాలో చెప్పేది. రాత్రిళ్ళు దుప్పటి కింద ‘స’ సాధన చేశానంటే నమ్ముతారా!

మూడో వారం కూర్చుంది. నమ్మకం కుదరక లేపించి మళ్ళీ అన్నాను, మళ్ళీ కూర్చుంది. మూడోసారి అనబోతుంటే పెద్దగా ఆవలించి మొహం తిప్పుకుంది. అది విసిగిపోయిందనడానికి గుర్తట. “ఇవాళ్టికి చాలండీ, మా వాడు అలిసిపోయాడు” అని కుక్కను తెచ్చే ఆవిడ దాని పట్టీ అందుకుంది.