స్టూడియోవాళ్ళు కోసేసిన డ్రమ్స్, నేను దక్కించుకున్న గ్రేట్‌ఫుల్ డెడ్ క్యాసెట్లు

ఆఖరి క్యాసెట్ కూడా నిన్న రాత్రి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కింది. ముప్పై ఏళ్ళుగా ఇల్లు మారినప్పుడల్లా ఒక ట్రంకు పెట్టెలో నా వెంటే తిరిగిన గ్రేట్‌ఫుల్ డెడ్ లైవ్ రికార్డింగులన్నీ ఇప్పుడు ఫైళ్ళయ్యాయి. సంతోషంగా ఉంది. కానీ మధ్యలో జరిగినదాని మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. రాక్ అయినా కర్ణాటక కచేరీ అయినా, ఇంట్లో పాత లైవ్ క్యాసెట్లు ఉన్నవాళ్ళు వాటిని ఎవరి చేతిలో పెట్టాలో ఇది చదివాక ఆలోచించుకోండి.

తెలియనివాళ్ళకోసం ముందు ఈ క్యాసెట్ల సంగతి చెప్పాలి. గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో అమెరికాలో, కాలిఫోర్నియాలో మొదలైన రాక్ బ్యాండు. 1995 ఆగస్టులో వాళ్ళ గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా పోయేదాకా 2,300కు పైగా కచేరీలు చేశారు. ఈ రోజు పాడిన వరస రేపు ఉండదు. ఈ రోజు ఆరు నిమిషాల్లో ముగిసిన పాట రేపు ఇరవై నిమిషాలు సాగి, ఎక్కడా ఆగకుండా ఇంకో పాటలోకి జారిపోతుంది. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు వింటే వీళ్ళు సగమే తెలుస్తారు. మిగతా సగం ఆ రాత్రుల్లోనే ఉంది. అందుకే అభిమానులు రికార్డర్లు మోసుకెళ్ళేవారు. 1984 అక్టోబరు నుంచి బ్యాండే వాళ్ళకు హాల్లో విడిగా చోటు, విడిగా టికెట్లు ఇచ్చింది. షరతు ఒకటే, అమ్ముకోకూడదు. మార్చుకోవచ్చు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీకి స్టాంపులు పంపితే ముక్కూ మొహం తెలియని మనిషి తన దగ్గరున్న కచేరీ కాపీ చేసి పంపేవాడు.

నేను ఎమ్మెస్ చదవడానికి ఇండియానా వెళ్ళింది ఆ రోజుల్లోనే. 1993 జూన్‌లో ఇండియానాపొలిస్ దగ్గర డీర్ క్రీక్ అనే ఆరుబయటి వేదికలో వాళ్ళను చూశాను. వేదిక మీది మైకులన్నీ కలిపి శబ్దాన్ని సరిచేసే సౌండ్ బోర్డు వెనక అభిమానుల మైకు స్టాండ్లు జొన్నచేనులా నిలబడి ఉన్నాయి. ఆ చేను కింద కూర్చున్న ఒకతను నా అడ్రస్ రాసుకుని, తర్వాత ఆ కచేరీ క్యాసెట్లు పోస్టులో పంపాడు. ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. పాటల వరస తన చేత్తో కార్డు మీద గుండ్రంగా రాసి పంపాడు. నా పెట్టెలో ఉన్నవన్నీ అలా వచ్చినవే.

హైదరాబాద్‌లో నా క్యాసెట్ డెక్ ఎప్పుడో పాడైపోయింది. అందుకని ఊళ్ళో బాగా పేరున్న ఒక స్టూడియోకు వెళ్ళాను. పేరు రాయను. పెళ్ళి వీడియోలు, పాత క్యాసెట్లు డిజిటల్ చేస్తామని పెద్ద బోర్డు పెట్టుకున్నారు.

కౌంటర్ దగ్గరున్న కుర్రాడు ఒక క్యాసెట్ వేసి కాసేపు విన్నాడు. "సార్, ఇందులో ఏం లేదు. జనం అరుపులే. ఎవరో జేబులో పెట్టుకుని రికార్డు చేసినట్టున్నారు" అన్నాడు. అక్కడ పెళ్ళి ఆల్బమ్ కోసం ఒక కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ళందరికీ వినపడేలా సౌండ్ పెంచాడు. లోపలినుంచి ఇంకొకతన్ని పిలిచి వినిపించాడు. "ఇది పాటేనా సార్? ఎప్పుడు మొదలవుతుంది? ఈ వయసులో ఈ గోల వింటారా? యూట్యూబ్‌లో ఫుల్ క్లారిటీలో దొరుకుతుంటే దీనికి డబ్బులు తగలేయడం ఎందుకు?" అని అతనూ అందుకున్నాడు. ఆ కుటుంబంలో ఎవరో నవ్వారు. యాభై దాటిన మనిషిని, నా పిల్లల వయసున్నవాళ్ళ ముందు అలా నిలబడాల్సి వచ్చింది.

అయినా ఓపిగ్గా చెప్పాను. ఇది జనం మధ్యలో మైకులు పెట్టి తీసిన రికార్డింగు, ఆ జనం కూడా ఇందులో భాగమే, ఏదీ శుభ్రం చేయొద్దు, పాటల మధ్య కోయొద్దు, ఒక పక్క మొత్తం ఒకే ఫైలుగా ఇవ్వండి అని. నోటిమాట కాదు, కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ కాగితాన్ని నా కళ్ళ ముందే బిల్లుకు పిన్ను కొట్టారు. "సరే సార్, మీరెలా అంటే అలా" అన్నారు.

పెన్ డ్రైవ్ తెచ్చుకుని ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకున్నాను. మొదటి పాట ముగియగానే జనం కేకలు లేవు. సగం చప్పట్లలో సౌండు తగ్గించుకుంటూ పోయి ఆపేశారు. టేపు రొద తీసేసే నాయిస్ రిడక్షన్ ఎంత గట్టిగా వేశారంటే, డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళెం, సింబల్, మోగాక మెల్లగా సన్నబడాల్సిన చోట టక్కున ఆగిపోతోంది. ఇంకో క్యాసెట్లో 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ది మౌంటెన్'లోకి వెళ్ళే చోటుంది. 1977 నుంచి ఈ రెండిటినీ జంటగా వాయించేవారు. మొదటి పాట ఎప్పుడు వదిలేశారో, రెండోది ఎప్పుడు అందుకున్నారో తెలియకుండా ఆ మధ్యలో గార్సియా గిటారు వెతుక్కుంటూ వెళ్తుంది, ఆ వెతుకులాట కోసమే జనం ఆ క్యాసెట్లు దాచుకుంటారు. సరిగ్గా అక్కడ కోసి రెండు ఫైళ్ళు చేశారు. కోసిన చోట కొంత ఎగిరిపోయింది కూడా.

అన్నిటికంటే నన్ను మండించింది ఇంకోటి ఉంది. 1978 తర్వాత దాదాపు ప్రతి కచేరీ రెండో సగంలో మిగతావాళ్ళు వేదిక దిగిపోతే బిల్ క్రూట్జ్‌మన్, మికీ హార్ట్ ఇద్దరే డ్రమ్స్ మీద ఉంటారు. తర్వాత వాళ్ళు తప్పుకుంటే గిటార్లవాళ్ళు వచ్చి తాళం, రాగం ఏదీ పట్టుకోకుండా వట్టి శబ్దంతో ఆడుకుంటారు. దాన్ని 'స్పేస్' అంటారు. నా ఫైళ్ళలో అది లేనే లేదు. ఏ కచేరీలోనూ లేదు.

వెళ్ళి అడిగితే ఈసారి ఓనరే వచ్చాడు. "అక్కడ పాట లేదు కదా సార్. ఊరికే డప్పులు కొడుతున్నారు. తర్వాత గుంయ్‌మని ఏదో సౌండు. టేపు పాడైందనుకుని మావాళ్ళు తీసేశారు" అన్నాడు. బిల్లుకు పిన్ను కొట్టిన కాగితం చూపించాను. "సినిమావాళ్ళే మా దగ్గరికి వస్తారు సార్, ఎవరూ ఇలా అడగలేదు" అన్నాడు. మళ్ళీ చేయాలంటే మళ్ళీ డబ్బు కట్టాలట. ఇక మాట్లాడకుండా క్యాసెట్లు వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే కార్డులు తారుమారయ్యాయి, ఒక రాత్రి కార్డు ఇంకో రాత్రి డబ్బాలో ఉంది. ఎప్పుడో ఎవరో గుండ్రంగా రాసి పంపిన ఆ అక్షరాలను చూస్తూ, ప్రతి క్యాసెట్ విని, ఏ కార్డు దేనిదో మళ్ళీ జత చేసుకున్నాను. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు కలిగిన బాధ మాటల్లో పెట్టలేను.

గోల అంటారు. మన పద్యనాటకాల క్యాసెట్లు వినలేదా ఎవరూ? రాయబారం పద్యానికి జనం "ఒన్స్‌మోర్" అని అరిచి, నటుడు మళ్ళీ హార్మోనియం శృతి అందుకుని అదే పద్యం ఇంకో పోకడతో తీస్తాడు. ఆ కేక తీసేస్తే రెండోసారి ఎందుకు పాడాడో ఎవరికి తెలుస్తుంది? శనివారం రాత్రి రేడియోలో వచ్చే జాతీయ సంగీత కార్యక్రమం మా నాన్నగారు రికార్డు చేసుకునేవారు. తని ఆవర్తనం వచ్చినప్పుడు, పాట లేదు కదా అని ఆయన ఎప్పుడూ బటన్ ఆపలేదు. మృదంగం ఒక్కటే మోగుతుంటే తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చునేవారు. ఆయనకు రాక్ తెలియదు గాని, ఆ స్టూడియో ఓనరు కంటే నా క్యాసెట్లు ఆయనకే బాగా అర్థమయ్యేవి.

తర్వాత కథ సులువు. వాడిన త్రీ హెడ్ డెక్ ఒకటి కొన్నాను. టేపును తాకి శబ్దాన్ని చదివే, రాసే భాగమే హెడ్. లోపల రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన ఆ జిగురంతా స్పిరిటుతో తుడిచి, కొత్త బెల్టు వేసి, హెడ్ శుభ్రం చేసి ఇచ్చాడు. "గిప్పుడు గివి ఎవరు తెస్తున్నరు సార్, మీరు తెచ్చిండ్రు, మంచిగైంది" అన్నాడు. చెప్పినదానికంటే తక్కువే తీసుకున్నాడు. బోర్డులు చూసి కాదు, పని చేసే చేతులు చూసి వెళ్ళండి.

ఒక విషయం మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. క్యాసెట్ రికార్డు చేసిన డెక్‌లో హెడ్ ఏ కోణంలో ఉందో, వినే డెక్‌లో కూడా అదే కోణంలో ఉండాలి. దాన్ని అజిమత్ అంటారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పై స్థాయి శబ్దాలు మసకబారతాయి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఎడమ, కుడి చానెళ్ళు రెండూ కలిపి మోనోలో వింటూ దాన్ని మెల్లగా తిప్పితే, ఒక చోట సింబల్స్ ఒక్కసారిగా తేటపడతాయి. అదే సరైన చోటు. ప్రతి క్యాసెట్‌కూ ఇది విడిగా చేయాలి, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కో ఇంట్లో ఒక్కో డెక్ మీద కాపీ అయింది. ఏ స్టూడియో కూడా మీకోసం ఇంత చేయదు. నేను చేశాను, తేడా ఎవరికి వినిపించినా ఒప్పుకుంటున్నారు.

టేపు రొద తగ్గించే పద్ధతి డాల్బీ. దాని సంగతి కార్డు మీద చూసుకోండి. డాల్బీ బి అని రాసి ఉంటేనే ఆ బటన్ నొక్కాలి. స్పీడు తేడా ఉంటే, అదే కచేరీకి వేరేవాళ్ళు చేసిన రికార్డింగు పక్కన పెట్టుకుని శృతి సరిచూడండి. 24 బిట్‌లో రికార్డు చేసి, శబ్దంలో ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫైలుగా దాచండి, ఎంపీ3 మాత్రం వద్దు. టేపు సుయ్‌మంటే సుయ్‌మననివ్వండి.

కార్నెల్ కచేరీ క్యాసెట్‌ను మాత్రం నేను ముట్టుకోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా ఊళ్ళో, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో 1977 మే 8న జరిగింది అది. బెట్టీ కాంటర్-జాక్సన్ అనే సౌండ్ ఇంజినీర్ నేరుగా సౌండ్ బోర్డు నుంచి తీసిన రికార్డింగు. ఆవిడ టేపులు ఎన్నో ఒక స్టోరేజీ గదిలో ఉండిపోయి, 1986లో వేలంలో చేతులు మారాయి. కొన్నవాళ్ళ దగ్గర్నుంచి కాపీలు అభిమానుల్లోకి పాకాయి. తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ కచేరీని జాతీయ రికార్డింగుల జాబితాలోకి తీసుకుంది. 2017లో అధికారికంగా సీడీలుగా వచ్చింది. నా క్యాసెట్ కాపీకి కాపీకి కాపీ. దానికంటే ఆ సీడీ వెయ్యి రెట్లు మేలు, కొనుక్కుని వినండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఈ బ్యాండు కచేరీలు లెక్కలేనన్ని ఉన్నాయి. సౌండ్ బోర్డువి అక్కడే వినాలి, జనంలోంచి తీసినవి దింపుకోవచ్చు. ఉచితమే.

నేను కష్టపడింది జనంలోంచి తీసినవాటి కోసం, ముఖ్యంగా నేను నిలబడ్డ ఆ రాత్రుల కోసం. నిన్న ఆఖరిది ఎక్కుతుంటే డ్రమ్స్ మొదలయ్యాయి. ఒక్క నిమిషం కూడా కోయకుండా, చప్పట్లతో సహా మొత్తం ఉంది.

ఎంతకిస్తావని ఒక స్నేహితుడు అడిగాడు. అమ్మను. నాకు ఇచ్చినవాళ్ళు అమ్మలేదు. కావాల్సినవాళ్ళు ఖాళీ హార్డ్ డిస్కు, తిరుగు కొరియరు ఖర్చు ఇస్తే కాపీ చేసి ఇస్తాను. పాటల వరస ఉన్న కార్డుల ఫొటోలు కూడా అందులోనే వేస్తాను.