ఆరు వారాల చదువుకు పద్నాలుగు నెలల రుజువు

2024 వేసవిలో మా ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో ఫైనాన్షియల్ అకౌంటింగ్ అనే ఒకే ఒక్క తరగతిలో చేరాను. ఆ తరగతి నడిచింది ఆరు వారాలు. అందులో చేరడానికి ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మూడో వారం దాకా, అంటే తరగతి కంటే ఎక్కువ కాలం పట్టింది. హెచ్ 1బి ఉద్యోగుల భార్య లేదా భర్తకు ఇచ్చే హెచ్ 4 వీసా మీద ఉండి ఇదే దారిలో వెళ్లాలనుకునే వాళ్లు మనలో చాలామంది ఉంటారు కాబట్టి, ఎక్కడ ఆగిపోయానో, ఎలా గట్టెక్కానో వివరంగా రాస్తున్నాను.

నేను నాగార్జున యూనివర్సిటీలో బీకాం చదివి, విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఐదేళ్లు పనిచేశాను. పెళ్లయ్యాక టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండి, 2023 మార్చి చివరి వారంలో మావారి ఉద్యోగం మారడంతో కాలిఫోర్నియా బే ఏరియాకు వచ్చాము. ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ 140 అనే దరఖాస్తు అప్పటికే ఆమోదం పొందడం వల్ల నాకు పనిచేసే అనుమతి వచ్చింది గానీ, ఇక్కడి పద్దుల తీరు తెలియకుండా ఏ అకౌంట్స్ ఉద్యోగానికి అడిగినా మొదటి ప్రశ్నకే నోరు మూతపడేది. హెచ్ 4 మీద చదువుకోవడానికి స్టూడెంట్ వీసా అక్కరలేదు. అందుకని పక్కనే ఉన్న కాలేజీ వైపు చూశాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఊళ్లలో ఎవరికైనా చెప్పడం కొంచెం కష్టమే. మా అమ్మకు ఫోనులో చెబితే, "ఇంటర్ కాలేజీయా, డిగ్రీ కాలేజీయా?" అని అడిగింది. రెండూ కాదు, రెండూ కొంత. యూనివర్సిటీ నాలుగేళ్ల డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు ఇక్కడ తక్కువ ఖర్చుతో పూర్తి చేసుకోవచ్చు, చేతివృత్తి నేర్చుకోవచ్చు, నాలాగా ఒక్క తరగతి కోసం కూడా రావచ్చు. కాలిఫోర్నియాలో ఇటువంటివి 116 ఉన్నాయి. వీటిలో 1984 దాకా అసలు ఫీజే లేదు. 2012 వేసవి నుంచి రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (తరగతి ఎంత పెద్దదో కొలిచే లెక్క) 46 డాలర్లు. నేను తీసుకున్న తరగతి నాలుగు యూనిట్లు కాబట్టి 184 డాలర్లు కట్టాలి. ఆ "నివాసులకు" అన్న మాట దగ్గరే నా కథంతా ఉంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అన్ని కాలేజీలకూ ఒకటే ఫారం, అరగంట పని. వీసా రకం, దాని గడువు, కాలిఫోర్నియాలో ప్రస్తుత నివాసం ఎప్పుడు మొదలైందన్న వివరాలు అడుగుతుంది. పాపను పడుకోబెట్టాక, రాత్రి పదకొండు దాటిన తర్వాత నింపి పంపాను. మర్నాడు రావలసిన విద్యార్థి నంబరు వారం గడిచినా రాలేదు. అడిగితే, నా దరఖాస్తు అనుమానపు జాబితాలో ఉందన్నారు. కొన్నేళ్లుగా ఈ కాలేజీలను దొంగ దరఖాస్తులు పీడిస్తున్నాయట. ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం డబ్బు కాజేయడానికి లేని మనుషుల పేర్లతో చేరిపోయి, నిజమైన విద్యార్థులకు దక్కాల్సిన సీట్లను ఆక్రమిస్తున్నారు. నా దరఖాస్తులో ఏది అనుమానం రేపిందో ఎవరూ చెప్పలేదు. వీడియో కాల్‌లో పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు చూపించి, నేను మనిషినేనని తేల్చుకోవలసి వచ్చింది. ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయింది, దానికి అపాయింట్‌మెంటు దొరకడానికి మాత్రం ఎనిమిది రోజులు పట్టింది.

నంబరు వచ్చిన సంతోషంలో కాలేజీ పోర్టల్ తెరిచి ఫీజు చూస్తే పదహారు వందల డాలర్లు పైచిలుకు కనిపించింది. నన్ను బయటి రాష్ట్రం మనిషిగా లెక్కేశారు. మావారు తన ఉద్యోగ పత్రాలన్నీ జతచేసి ఒక మెయిల్ రాద్దామన్నారు, నాకూ అది సబబుగానే తోచింది. కాలేజీ నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ఆ పత్రాలు మీ భర్త నివాసానికి రుజువు, మీ నివాసానికి కావు.

మొదట చాలా కోపం వచ్చింది. తర్వాత కుదురుగా కూర్చుని నిబంధన చదివాను. కాలిఫోర్నియా విద్యా చట్టంలో భార్య నివాసం భర్త నివాసాన్నిబట్టి సిద్ధించదని స్పష్టంగా ఉంది. ఎవరి నివాసం వాళ్లే ఏర్పరచుకోవాలి, ఎవరి రుజువు వాళ్లే తెచ్చుకోవాలి. వీసా ఏమో నన్ను ఆయన మీద ఆధారపడిన మనిషి అంటుంది, కాలేజీ ఏమో నువ్వు వేరే మనిషివి, నీ కాగితాలు చూపించు అంటుంది. ఆలోచిస్తే రెండోదే నాకు గౌరవంగా అనిపించింది, కాకపోతే ఆ గౌరవానికి తగిన కాగితాలు నా దగ్గర లేవు.

నిబంధన ఇలా ఉంటుంది. తరగతులు మొదలయ్యే రోజుకు ముందు రోజును ప్రమాణంగా తీసుకుంటారు. మాకు తరగతులు జూన్ 17న మొదలు కాబట్టి, ఆ రోజు జూన్ 16. దానికి వెనక్కి ఒక సంవత్సరం పైన ఒక రోజు నుంచీ కాలిఫోర్నియాలో ఉంటున్నట్టూ, ఇక్కడే స్థిరపడాలన్న ఉద్దేశం ఉన్నట్టూ, రెండూ రుజువు చేయాలి. ఉండడం వేరు, ఉద్దేశం వేరు. హెచ్ 4 వాళ్లకు ఈ నివాసపు హక్కు ఉంది, చదువు కోసమే వచ్చే ఎఫ్ 1 వాళ్లకు సాధారణంగా లేదు. నేను వచ్చి పద్నాలుగు నెలలు దాటింది కాబట్టి లెక్క సరిపోయింది. సరిపోయిందని చూపించే కాగితమే కావాలి.

ఇల్లంతా వెతికాను. కరెంటు బిల్లు మావారి పేరు. ఇంటర్నెట్ ఆయన పేరు. కారు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఆయన పేరు, నేను అందులో నడిపే మనిషిని. అద్దె ఒప్పందంలో సంతకం ఆయనది, నా పేరు మూడో పేజీలో "నివసించేవారు" అన్న గడిలో, పాప పేరు పైన. బ్యాంకు ఖాతా ఇద్దరిదీ గానీ, ఉత్తరాలు ఆయన పేరుతోనే వస్తాయి. నెలనెలా ఆ బిల్లులన్నీ గడువు తప్పకుండా కట్టేదీ, వాటిని ఫైళ్లలో పెట్టేదీ నేనే. విజయవాడ ఆఫీసులో అలవాటైన పద్ధతిలో ఒక్క వోచరు కూడా పోకుండా దాచిన ఆ ఫైళ్లలో, నేను ఈ ఇంట్లో ఉంటున్నానని చెప్పే కాగితం ఒక్కటి లేదు.

చివరికి దొరికింది డ్రైవింగ్ లైసెన్సు. కాలిఫోర్నియాకు వచ్చిన పది రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలని నియమం. టెక్సస్ లైసెన్సుకు ఇంకా గడువు ఉంది కదా, మళ్లీ రాత పరీక్ష ఎందుకని నేను విసుక్కుంటే, మావారు పోరి పోరి తీసుకెళ్లారు. పది రోజులు కాదు గానీ, మే మొదటి వారానికల్లా కార్డు చేతికొచ్చింది. ఆ కార్డు మీది తేదీ ప్రమాణ దినానికి సంవత్సరం పైనే వెనక ఉంది. దానికి తోడు పాప బడిలో చేరేటప్పుడు తల్లిగా నేను సంతకం పెట్టిన చిరునామా పత్రం ఒకటి, పిల్లల డాక్టరు దగ్గర 2023 ఏప్రిల్‌లో నేను కట్టిన రసీదు ఒకటి తీశాను. ఇద్దరం కలిసి వేసిన రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్ను కూడా పెట్టాను.

ఆ పన్ను రిటర్నే మళ్లీ కొంప ముంచబోయింది. ఏడాది మధ్యలో రాష్ట్రానికి వచ్చిన వాళ్లు 540 ఎన్ఆర్ అనే ఫారం వేయాలి. ఎన్ఆర్ అంటే నాన్ రెసిడెంట్, ఆ పక్కనే "లేదా సంవత్సరంలో కొంతకాలపు నివాసి" అని కూడా ఉంటుంది. ఫారం పేరు చూసిన మనిషి పక్క మాట చూడలేదు. మీరే నివాసి కాదని పన్నుల శాఖకు రాసిచ్చారు కదా అని జవాబు వచ్చింది. ఇక మెయిళ్లతో పని కాదని, కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని జూన్ 7న స్వయంగా వెళ్లాను. కారు పార్కింగ్ లాట్‌లో నాదొక్కటే ఉంది. అడ్మిషన్స్ ఆఫీసు తలుపు మీద వేసవి వేళలు అంటించి ఉన్నాయి: సోమవారం నుంచి గురువారం వరకు. జూన్ 7 శుక్రవారం.

ఇంటికి వచ్చి కాలేజీ వాళ్లు నాకిచ్చిన మెయిల్ ఖాతా మొదటిసారి పూర్తిగా తెరిచి చూశాను. వారం వారం పంపే క్యాంపస్ వార్తల ఉత్తరాలు ఆరు చదవకుండా పడున్నాయి. శుక్రవారం సెలవు సంగతి అందులో రెండుసార్లు రాశారు. లైబ్రరీ వేసవిలో సాయంత్రం ఆరింటికే మూసేస్తారని, ఈత కొలను వైపు దారి మరమ్మతుల వల్ల మూసి ఉందని, ఉచితంగా లెక్కలు, అకౌంటింగ్ చెప్పే ట్యూటరింగ్ కేంద్రం ఉదయం తొమ్మిది నుంచి తెరిచి ఉంటుందని, ఫాల్ అనే తర్వాతి సెమిస్టరుకు రిజిస్ట్రేషన్ తేదీలు ఇవీ అని, అన్నీ అక్కడే ఉన్నాయి. వాటి మధ్యలో ఒక చిన్న ప్రకటన: కాలేజీలోనే పిల్లలకు వేసవి శిబిరం, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా, రెండేసి వారాల చొప్పున. నా తరగతి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముప్పావు. తరగతి దొరికితే పాపను ఎవరి దగ్గర వదలాలా అని నెల రోజులుగా నలిగిపోతున్న ప్రశ్నకు జవాబు చదవని మెయిల్‌లో పడి ఉంది. పావుగంట తేడాకు అదనపు సమయం కొద్ది డాలర్లకు దొరికింది. పాప అక్కడ ఈత, బొమ్మల తయారీ నేర్చుకుంది. నిజానికి ఆ వేసవిలో మా ఇంట్లో ఎక్కువ సంతోషపడింది తనే.

సోమవారం మళ్లీ వెళ్లాను. కౌంటరులో ఉన్న పెద్దావిడ నా కాగితాలను తేదీల వారీగా పేర్చి, మొదట లైసెన్సు, తర్వాత డాక్టరు రసీదు, బడి పత్రం, అద్దె ఒప్పందం మూడో పేజీ చూసింది. 540 ఎన్ఆర్ ఫారంలో మేము కాలిఫోర్నియాకు వచ్చిన తేదీ రాసిన గడిని నేను వేలితో చూపించాను. ఇర్వింగ్ ఇల్లు ఖాళీ చేసినట్టు ఏదైనా ఉందా అని అడిగింది. పాత ఇంటి డిపాజిట్ తిరిగి వచ్చిన ఉత్తరం ఫోనులో ఉంది, అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమె తల ఊపి కంప్యూటరులో ఏదో నొక్కింది. మంగళవారం సాయంత్రానికి నా ఫీజు 184 డాలర్లకు దిగింది. దానికి ఆరోగ్య రుసుము, విద్యార్థి ప్రతినిధుల కోసం తీసుకునే రెండు డాలర్లు కలిశాయి.

ఇంత జరిగేసరికి తరగతి నిండిపోయింది. రిజిస్ట్రేషన్‌లో పాత విద్యార్థులకు మొదటి వంతు, నాలాంటి కొత్తవాళ్లకు తర్వాత, హైస్కూలు పిల్లలకు ఆ తర్వాత. నేను వెయిట్‌లిస్టులో ఏడో మనిషిని. ఆశ వదులుకోవద్దనీ, మొదటి రోజు తప్పకుండా తరగతిలో కూర్చోవాలనీ ట్యూటరింగ్ కేంద్రంలో చెప్పారు. జూన్ 17న వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ప్రొఫెసరు పేర్లు పిలిచి, రాని వాళ్లను అక్కడికక్కడే తీసేశారు. పదకొండు సీట్లు ఖాళీ అయ్యాయి. వాటిలో నిజమైన మనుషులెందరో, రాత్రికి రాత్రి పుట్టిన పేర్లెన్నో దేవుడికెరుక. వెయిట్‌లిస్టులో ఉన్న మా అందరికీ తరగతిలో చేరడానికి యాడ్ కోడ్ అని ఒక నంబరు ఇచ్చారు. ఇంటికెళ్లి తీరిగ్గా పోర్టల్‌లో కొడదామని సంచిలో పెట్టుకుంటుంటే, పక్క సీటులో కూర్చున్న హైస్కూలు కుర్రాడు నా ఫోనులో తెలుగు చూసినట్టున్నాడు, "ఆంటీ, ఆ కోడ్ ఇప్పుడే కొట్టేయండి. మా అక్క రేపు చూద్దామనుకుని క్లాసు పోగొట్టుకుంది" అన్నాడు. గురువు గారి మాట కంటే ఆ అబ్బాయి మాటే నాకు ఆ రోజు ఎక్కువ పనికొచ్చింది. కారిడార్‌లో నిలబడి నంబరు కొట్టి, ఫీజు కట్టి, రసీదు వచ్చాకే పాపను తీసుకురావడానికి కదిలాను.

చదువు విషయానికొస్తే, నాలుగు యూనిట్ల తరగతి అంటే దాదాపు 72 గంటల పాఠం. మామూలుగా నాలుగు నెలలు నడిచే దాన్ని ఆరు వారాల్లోకి కుదిస్తారు. జూన్ 19, జూలై 4 సెలవులు పోగా మిగిలింది ఇరవై రెండు రోజులు, రోజుకు మూడుంపావు గంటలు. రెండు రోజులు జ్వరం వస్తే ఒక అధ్యాయం పోయినట్టే. పాఠ్యపుస్తకానికి ఖర్చు లేదన్న గుర్తు షెడ్యూలులో చూసి ఎంచుకున్నందువల్ల, పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికింది.

విషయం నాకు తెలిసిందేనన్న ధీమా మొదటి క్విజ్‌లోనే వదిలింది. మనం బ్యాలెన్స్ షీటులో అప్పులు ఎడమ పక్క, ఆస్తులు కుడి పక్క రాసి పెరిగాము. ఇక్కడ ఆస్తులు ఎడమ పక్క. మనకు బాకీ ఉన్నవాళ్ల పద్దు, అంటే సండ్రీ డెబ్టార్స్, ఇక్కడ అకౌంట్స్ రిసీవబుల్ అయింది. సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుందన్న లెక్క చేతికి పట్టేసి, తరుగుదల లెక్కలో మూడు నెలలు ఎగరగొట్టాను. లక్షన్నరను 1,50,000 అని రాస్తే, కామా తప్పుచోట ఉందని ప్రొఫెసరు ఎర్ర గీత పెట్టి, ఇది పొరపాటా, అలవాటా అని పక్కన రాశారు. అలవాటని జవాబు రాసి పెట్టాను. మర్నాడు ఆయన తరగతిలో మన లక్షల, కోట్ల కామాల పద్ధతిని బోర్డు మీద వేసి అందరికీ చూపించారు, మార్కు మాత్రం కలపలేదు.

జూలై 25న చివరి పరీక్ష రాశాను. నాలుగు రోజుల తర్వాత పోర్టల్‌లో "ఏ" గ్రేడు కనిపించింది. దాని కిందనే నా నివాస స్థితి "కాలిఫోర్నియా నివాసి" అని ఉంది. ఫాల్‌కు నేను పాత విద్యార్థిని కాబట్టి రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా వచ్చింది, పన్నుల తరగతి తీసుకున్నాను. ఆగస్టు నుంచి కరెంటు బిల్లు నా పేరు మీదికి మార్పించాను. మొదటి నెల 143 డాలర్లు వచ్చింది, ఏసీ ఇంతసేపు ఎవరు వేస్తున్నారని మావారిని అడిగాను.