డ్రిల్ చక్ చేసిన పని

మేడ మీద గదిలో చిన్న మిల్లింగ్ మిషన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) పెట్టుకున్నా. డబ్బంతా దానికే అయిపోయింది. కట్టర్‌ను దేంతో పట్టుకోవాలో ఆలోచించలేదు. ఉన్న డ్రిల్ చక్‌లోనే, అంటే డ్రిల్ బిట్‌ను పట్టుకునే దాంట్లోనే, 10 మి.మీ. ఎండ్‌మిల్ (పక్కకు కూడా కోసే కట్టర్) బిగించి అల్యూమినియం మీద పెట్టా. కట్టర్ మెల్లగా కిందికి జారింది. గాడి ఒక చివర పైపైన, ఇంకో చివర గొయ్యి. ఆఖరికి చక్కే టేపర్ (దాన్ని పట్టి ఉంచే, కొనకు సన్నబడే కడ్డీ) నుంచి ఊడి టేబుల్ మీద పడింది. వేళ్లు దూరంగా ఉన్నాయి, అంతే నా అదృష్టం.

రేణిగుంట రోడ్డులో లేత్ షెడ్డు నడిపే అన్నకు చూపిస్తే నవ్వాడు. "అది బెజ్జం వేసేదానికి సామీ, పక్కకు కోసేదానికి కాదు." నిజమే. డ్రిల్ చేసేటప్పుడు బరువు పైకి పడి టేపర్ ఇంకా బిగుస్తుంది. మిల్లింగ్‌లో పక్క తోపుకీ అదురుకీ వదులవుతుంది.

ఈఆర్32 సైజు కొల్లెట్ చక్ తెప్పించా. కొల్లెట్ అంటే కట్టర్‌ను చుట్టూరా బిగించి పట్టే చీలికల గొట్టం. నా స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) టేపర్ ఎంటీ3 రకం, తొందరలో దానికి పట్టని ఆర్8 రకంది ఆర్డర్ పెట్టబోయాను! పెద్ద సెట్ జోలికి పోలేదు. 6, 8, 10, 12 మి.మీ., నా దగ్గరున్న కట్టర్లకు నాలుగు కొల్లెట్లు చాలు. కొల్లెట్‌ను ముందు నట్‌లో టక్కుమనేలా కూర్చోబెట్టాకే చక్‌కు ఎక్కించాలట. మొదటిది నేరుగా దూర్చేసి, బయటికి లాగడానికి అరగంట కుస్తీ పట్టా.

నిన్న అదే గాడి మళ్లీ తీశా. ఈసారి కట్టర్ కదల్లేదు.