‘బయట విప్పించారుగా, మేము ముట్టుకోము’

ఫోన్‌కు మళ్లీ చార్జింగ్ ఎక్కుతోంది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కొలతలు, డిజైన్ల ఫొటోలు, రావలసిన డబ్బుల లెక్క అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. చార్జింగ్ పిన్ పెట్టే చోటు వదులైపోయి, వైరు పట్టుకుని కూర్చుంటే తప్ప ఎక్కేది కాదు. వారంటీ ఎప్పుడో ముగిసింది. డబ్బిచ్చి చేయించుకుందామని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. టోకెన్, బిల్లు చూపించడం వెంటనే అయిపోయాయి.

కౌంటర్‌లోని అబ్బాయి వెనక మూత అంచును గోటితో తడిమి, “బయట విప్పించారుగా, మేము ముట్టుకోము” అన్నాడు. నిరుడు బ్యాటరీ ఉబ్బితే గాంధీ రోడ్డులో మార్పించాను. అప్పుడు ఇదే సెంటర్‌లో బ్యాటరీ లేదన్నారు కనుకనే అక్కడికి వెళ్లాను. ఆ సంగతి చెబితే వినలేదు. “బ్యాటరీకీ పిన్నుకూ ఏమిటి బాబూ సంబంధం?” అని అడిగాను. వరుసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా, “చవకని రోడ్డు మీద చేయించుకుంటారు, చెడిపోయాక మా దగ్గరికి వస్తారు” అన్నాడు. పక్కనున్నావిడ నా ఫోన్ వంక, నా చీర వంక చూసింది. ‘మేము చేయము’ అన్న మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. రాయరట. మేనేజర్‌ను పిలిపిస్తే, ఆయన కొత్త ఫోన్ మీద ఎంత తగ్గిస్తారో చెప్పాడు.

నా కుట్టు మిషన్‌ను నేనే విప్పుకుంటాను. షటిల్, బాబిన్ కేసు, బెల్టు, ఏది అరిగితే అది విడిగా కొనుక్కుంటాను. మా వీధిలో ఎవరి మిషన్ ఆగినా నన్నే పిలుస్తారు. ఇంతకు ముందు ఎవరు విప్పారని ఏ దుకాణంలోనూ అడగలేదు. ఫోన్‌కు పూర్తి ధర కట్టాక కూడా దాని మీద పెత్తనం వాళ్లదేనా?

ఇంటికి రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ‘సర్వీస్ బాగాలేదు’ అంటే లాభం లేదు, తేదీ, వాళ్లు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. హెల్ప్‌లైన్ కంపెనీకి పంపుతుందే తప్ప తీర్పు ఇవ్వదు. తీర్పు కావాలంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువైతే అక్కడ ఫీజు లేదు.

మరమ్మతు హక్కు మీద కేంద్రం 2022 జూలైలో కమిటీ వేసింది, తర్వాత పోర్టల్ కూడా తెచ్చింది. అందులో నా ఫోన్ కంపెనీ వివరాలు తెరిస్తే వారంటీ షరతులు ఉన్నాయి, పిన్ పెట్టే చోటు ఉండే చార్జింగ్ బోర్డు ధర లేదు. ధర తెలియని హక్కుతో నేనేం చేసుకోను? ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఆదేశంలో ఫోన్లు కూడా ఉన్నాయి. ఇంతకు ముందు వేరేవాళ్లు బాగుచేశారన్న ఒక్క కారణంతో తయారీదారు మరమ్మతు నిరాకరించకూడదని అందులో ఉంది. నాకు కావలసింది సరిగ్గా ఆ ఒక్క వాక్యం.

కంపెనీవాళ్లు ఫోన్ చేసి మళ్లీ సెంటర్‌కు రమ్మన్నారు. ఆ కౌంటర్ ముందు మళ్లీ నిలబడను. గాంధీ రోడ్డు కుర్రాడు నా కళ్ల ముందే విప్పి, “బోర్డు ఒక్కటే పోయిందక్కా” అని 600 రూపాయలకు మార్చాడు. ఫొటో ఒక్కటీ పోలేదు. పాత బోర్డు అడిగి తీసుకున్నాను, మీరూ తీసుకోండి.

పని అయిపోయింది కదా, ఫిర్యాదు మూసేయమని కంపెనీ నుంచి నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది. ఆ రోజు ఎందుకు చేయనన్నారో రాసి పంపితేనే మూస్తానన్నాను.