యూరిక్ యాసిడ్, నా గుండె, నేను విన్న మాటలు

బొటనవేలి నొప్పికీ గుండెకీ ఏం సంబంధం అని నన్ను చాలామంది అడిగారు. కొందరు నిజంగా తెలుసుకోవాలని అడిగారు, కొందరు నేను అనవసరంగా భయపడుతున్నానని తేల్చేయడానికి అడిగారు. గుండెపోటు నుంచి ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను, కూర్చుని రాసే ఓపిక వచ్చింది కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నాను.

నాకు యాభై దాటాయి. బీపీ చాలా ఏళ్లుగా ఉంది. ఏటా చేయించుకునే రక్తపరీక్షల్లో యూరిక్ యాసిడ్ (ఒంట్లో తయారై బయటికి పోవాల్సిన ఒక వ్యర్థం) దగ్గర అంకె లావు అక్షరాల్లో వచ్చేది. ఒకసారి 7.9, మరుసటి ఏడు 8.6. ఆడవాళ్లకి 6 లోపు ఉండాలని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. అడిగిన ప్రతిసారీ డాక్టర్ గారు "నొప్పులేం లేవు కదమ్మా, దాని గురించి ఆలోచించకండి" అనేవారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదని ఇప్పుడు నాకు తెలుసు. నొప్పులు, రాళ్లు లేకుండా అంకె ఒక్కటే ఎక్కువుంటే చాలామందికి మందు మొదలుపెట్టరు. నా కోపం మందు ఇవ్వలేదని కాదు, అది ఎందుకు పెరుగుతోందో ఒక్కసారైనా చూడలేదని. నేను మింగే బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంది. ఒంట్లో నీరు తీసే మందు అది. యూరిక్ యాసిడ్‌ని మాత్రం సరిగ్గా బయటికి పోనివ్వదు. నెలసరి ఆగిపోయి ఈస్ట్రోజెన్ తగ్గాక ఆడవాళ్లలో ఎలాగూ ఇది పెరుగుతుంది. కిడ్నీలు కొంచెం మందగించినా పెరుగుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే నా క్రియాటినిన్ అంకె అప్పటికే అంచులో ఉంది. ఈ మూడు విషయాలూ ఆయన ముందున్న కాగితాల్లోనే ఉన్నాయి.

తర్వాత ఒక రాత్రి కుడికాలి బొటనవేలి మొదట్లో నొప్పి లేచింది. తెల్లారేసరికి ఎర్రగా వాచిపోయి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. రక్తంలో యూరిక్ యాసిడ్ 6.8 దాటితే అది పూర్తిగా కరిగి ఉండలేదు, నీళ్లలో ఎక్కువైన పంచదార అడుగున పేరుకున్నట్టు కీళ్లలో స్ఫటికాలుగా చేరుతుంది. అలా వచ్చే కీళ్ల నొప్పినే గౌట్ అంటారు. ఒంటి మధ్య భాగానికి దూరంగా, చల్లగా ఉండే కీలు కాబట్టి మొదట బొటనవేలినే పట్టుకుంటుంది. విచిత్రం ఏమిటంటే ఆ రోజు పరీక్షలో నాకు 6.1 వచ్చింది. "అయితే ఇది గౌట్ కాదు" అని ఒకరు కొట్టిపారేశారు. నొప్పి విజృంభించినప్పుడు అంకె మామూలుగా కనిపించవచ్చు. తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకో చోట డైక్లోఫెనాక్ గట్టి డోసులో, వారాల తరబడి వాడమని రాసిచ్చారు. మా ఆయన "ఈమెకి బీపీ ఉందండీ, కిడ్నీ రిపోర్టు కూడా అంతంతమాత్రం" అని చెప్పారు. "నొప్పి తగ్గాలా వద్దా?" అన్నారాయన. అంతే, ఇంకేం అడగనివ్వలేదు. ఆ రకం నొప్పి మాత్రలు గుండెపోటు ముప్పును పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరికను ఇంకా గట్టి చేసింది. నా గుండెపోటుకి ఆ మాత్రలే కారణమని నేను నిరూపించలేను. కానీ బీపీ ఉన్న మనిషి ఇంట్లోవాళ్లు నోరు తెరిచి చెప్పినప్పుడు వినాల్సిన బాధ్యత ఆయనకి ఉందా లేదా? ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వేలి నొప్పి తగ్గి నెల దాటిందో లేదో. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. గుండెనొప్పి అంటే ఎడమవైపు ఛాతీ పట్టేస్తుందనే అందరం అనుకుంటాం. నాకు ఛాతీలో నొప్పి లేదు. రెండు దవడలూ లాగుతున్నాయి, వీపు మధ్యలో బరువుగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి అలవాటుగా గడియ పెట్టుకున్నాను. లోపలికి వెళ్లాక చెమట మొదలైంది. నుదుటి నుంచి కారి కళ్లలో పడుతోంది. బయటికి వద్దామని గడియ మీద చెయ్యి వేస్తే వేళ్లు జారిపోతున్నాయి. చిన్న ఇనుప గడియ, రోజూ తీసేదే. పట్టుకుంటాను, జారుతుంది, మళ్లీ పట్టుకుంటాను. చేతిలో బలం లేదు. కాళ్లు నిలబడక తడి నేల మీద కూర్చుండిపోయాను. తలుపు అవతల మా ఆయన గొంతు, "గడియ తియ్యి, కొంచెం ఓపిక చేసుకో, గడియ తియ్యి" అంటున్నారు. ఆ గొంతులో వణుకు నేను పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడూ వినలేదు. అప్పుడు నాకు చావు గురించి ఆలోచన రాలేదు. తలుపు పగలగొట్టాల్సి వస్తుందేమో, ఆలస్యమైపోతుందేమో అన్న ఒక్కటే భయం. చివరికి నైటీ అంచు గడియకి చుట్టి లాగాను. వచ్చేసింది. దేవుడే ఆ చెయ్యి పట్టుకుని లాగించాడని నేను నమ్ముతున్నాను, ఎవరేమనుకున్నా సరే.

మా అబ్బాయి ఫోన్‌లో "గ్యాసేమో నాన్నా, పొద్దున్నదాకా చూడండి" అన్నాడట. ఆయన చూడలేదు. నన్ను తీసుకుని బయల్దేరారు. అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఆడవాళ్లకి గుండెనొప్పి దవడలోనూ వీపులోనూ రావచ్చని వాడికి ఎవరు చెప్పారు?

ఈసీజీ, గుండె దెబ్బతిందా అని చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష, యాంజియోగ్రామ్, ఒక స్టెంట్. అవన్నీ అందరికీ జరిగేవే.

చెప్పాల్సింది ఆ తర్వాతి రోజు సంగతి. మా ఆయన అక్క చూడ్డానికి వచ్చారు. నేను కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతున్నాననుకున్నారు. "అంతా నోటి వల్లేరా. కాస్త నోరు కట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా?" అన్నారు తమ్ముడితో. వదిన చెడ్డమనిషి కాదు. ఆ వారమంతా మా ఇంటికి వంట చేసి పంపింది ఆవిడే. కానీ ఆ మాట స్టెంట్ వేసిన చోటు కన్నా ఎక్కువ కాలం నొప్పి పెట్టింది. మన ఒంట్లో యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు వదినా. పాత కణాలు విడిపోయినప్పుడు ఒళ్లే తయారు చేస్తుంది. దాన్ని విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము చాలా జంతువులకి ఉంది, మనిషికి లేదు. అందుకే ఆ భారమంతా, మూడింట రెండు వంతులు కిడ్నీల మీద, మిగతాది పేగుల మీద పడుతుంది. మాంసం, బీరు, తీపి డ్రింకులు తగ్గిస్తే మంచిదే. అవన్నీ మానినా సాధారణంగా ఒక పాయింటుకు మించి తగ్గడం కష్టం. ఇదంతా ఆ రోజు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నన్ను చూసిన గుండె డాక్టర్ వయసులో మా అబ్బాయి కన్నా కొంచెం పెద్ద ఉంటారేమో. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని పాత రిపోర్టులన్నీ వరసగా చూశారు. థయాజైడ్ ఉన్న మాత్ర తీసేసి లోసార్టాన్ ఇచ్చారు. అది బీపీతో పాటు యూరిక్ యాసిడ్‌నీ కొంత తగ్గిస్తుంది. మా ఆయన "యూరిక్ యాసిడ్ తగ్గిస్తే మళ్లీ గుండెపోటు రాదా డాక్టర్ గారూ?" అని ఆశగా అడిగారు. ఆయన తేలిగ్గా అవునని ఉండొచ్చు. అనలేదు. "అలా మాటివ్వలేనండీ. గుండెజబ్బు ఉండి గౌట్ లేని అరవై ఏళ్లు దాటినవాళ్లు ఐదువేల మందికి పైగా ఉన్న పరిశోధనలో యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మందు ఇచ్చి దాదాపు ఐదేళ్లు చూశారు, గుండెకి లాభం కనబడలేదు" అన్నారు. ఆల్-హార్ట్ అంటారు దాన్ని, 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అంకె ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువ కనబడేది నిజమే. దానికి తోడుగా బీపీ, బరువు, షుగర్, కిడ్నీ సమస్యలు నడుస్తుంటాయి, ముందు వాటిని పట్టుకోవాలి అన్నారు. వేలి నొప్పి మాత్రం వేరే సంగతి. గౌట్ విజృంభించిన తర్వాత నాలుగు నెలల దాకా, ముఖ్యంగా మొదటి రెండు నెలల్లో, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరిగి ఉంటుందని బ్రిటన్ రోగుల వివరాలతో అదే ఏడాది జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. నాకు వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే. వేలి కోసం వెళ్లిన ఏ చోటా ఒక్క ఈసీజీ తీయలేదు.

గౌట్ ఉంది కాబట్టి నాకు అల్లోప్యూరినాల్ 100తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి రావాలని రెండుసార్లు చెప్పారు. యూరిక్ యాసిడ్ తగ్గించే ఇంకో మందు ఫెబుక్సోస్టాట్ ఎందుకు ఇవ్వలేదో కూడా వివరించారు. 2018లో ఒక పరిశోధనలో గుండె మరణాలు ఎక్కువ కనబడ్డాయి, 2020లో ఇంకోదానిలో కనబడలేదు, మీకు కొత్తగా స్టెంట్ పడింది కాబట్టి వేరే దారి ఉండగా అటు వెళ్లను అన్నారు. రోగికి ఇంత ఓపిగ్గా అందరూ చెప్పరు. ఆయన చెప్పారు. ఆయన చల్లగా ఉండాలి.

ఇప్పుడు నా అంకె 5.6. ఆరు లోపే ఉంచాలన్నది లక్ష్యం. మధ్యలో ఒకసారి వేలు మళ్లీ వాచింది. మందు మొదలుపెట్టిన కొత్తలో పాత స్ఫటికాలు కరుగుతుంటే అలా రావడం మామూలేనట. అప్పుడు మాత్రలు ఆపకూడదు. కిడ్నీ చూసుకుని గౌట్ వాపు తగ్గించే కోల్చిసిన్ తక్కువ డోసులో ఇచ్చారు, సర్దుకుంది. సాయంత్రాలు నడుస్తున్నాను. రాత్రి బాత్‌రూమ్ గడియ మాత్రం ఇప్పటికీ పెట్టను.

నా లాంటి రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఏం మానేయాలి అని అడిగే ముందు బీపీ, క్రియాటినిన్, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. మీ బీపీ మాత్ర అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లన్నీ డాక్టర్‌తో చదివించండి. గుండె కోసం వేసుకునే తక్కువ డోసు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ని కొంచెం పెంచుతుంది. ఎవరో చెప్పారని దాన్ని సొంతంగా ఆపేయకండి. స్టెంట్ ఉన్నవాళ్లు అసలు ఆపకండి.